ఎండాకాలం బిగుసుకునే తలుపు

ఆ పేటలో వడ్రంగి మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆయన ఎండాకాలం మేస్త్రి. ఆ పేరు మెచ్చుకుని పెట్టింది కాదు, ఒళ్ళు మండి పెట్టింది. వానలు పట్టుకోగానే ప్రతి ఇంటి తలుపూ ఉబ్బి గుమ్మంలో ఇరుక్కుపోతుంది. ఇంటాయన భుజంతో నెట్టీ నెట్టీ, చివరికి గొడుగేసుకుని మేస్త్రి కొట్టుకి వస్తాడు. "కాస్త చిత్రిక పట్టి పో మేస్త్రీ" అంటాడు. మేస్త్రి చేతిలో పని ఆపకుండా, తల కూడా ఎత్తకుండా, "ఎండాకాలం రండి" అంటాడు.

"ఎండాకాలం అదే తెరుచుకుంటుంది కదయ్యా, అప్పుడు నీతో పనేంటి?"

"అదే నేనూ చెప్పేది. వానకి చెక్క నీళ్ళు తాగి లావెక్కుతుంది. లావెక్కినప్పుడు కోసేస్తే, ఎండకి చిక్కిపోయాక సందులోంచి పిల్లి దూరుతుంది. అప్పుడు మళ్ళీ నన్నే తిడతారు. ఆ తిట్టేదేదో ఇప్పుడే తిట్టిపోండి."

ఆ ఊరు అలాంటిది. రెండు వీధుల అవతల సముద్రం. వానాకాలం వచ్చిందంటే డబ్బాలో ఉప్పు ముద్దయిపోతుంది. అగ్గిపుల్ల గీస్తే పెట్టె మీద గీత పడుతుంది గానీ మంట రాదు. బీరువాలో పెట్టిన చెప్పులకి పచ్చగా బూజు పడుతుంది. ఎండాకాలం ఇంకో తంతు. పొద్దున్నుంచీ ఒక్క ఆకు కదలదు, చొక్కా వీపుకి అంటుకుని ఊడి రాదు, మనుషులు మాట్లాడాలన్నా బద్ధకిస్తారు. మధ్యాహ్నం వాలాక గాలి సముద్రం మీద నుంచి తిరుగుతుంది. అప్పుడు వీధి మొత్తం ఒకేసారి ఊపిరి పీలుస్తుంది, కిటికీలు తెరుచుకుంటాయి, ఆగిపోయిన కబుర్లు ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలవుతాయి.

మేస్త్రికి ఇదంతా తెలియడం వేరు, దీని మీద ఆయనకున్న యావ వేరు. చుట్టపు చూపుగా ఎవరింటికి వెళ్ళినా, పలకరింపుల కంటే ముందు వీధి తలుపు పట్టుకుని ఇటూ అటూ ఆడిస్తాడు. ఇంటివాళ్ళు "రండి, రండి" అంటూనే ఉంటారు, ఈయన గడప దాటడు. బందులో ఏదో మూలుగు వినిపిస్తే చెవి దగ్గర పెట్టి వింటాడు. భార్య వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగుతుంది. పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజున కూడా ఈయన మొదట చూసింది ఆమెని కాదు, గుమ్మాన్ని. ఆ సంగతి ఆమె ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంది.

అంతటి మనిషికి సొంత అక్క ఇంట్లో తల ప్రాణం తోకకి వచ్చింది.

అక్క బట్టలు కుడుతుంది. భర్త పోయాక కుట్టుమెషీన్ మీదే కూతుర్ని పెంచి, చదివించి, పెళ్ళి చేసి పంపింది. కూతురు సముద్రానికి దూరంగా, మెట్టప్రాంతంలో ఉంటుంది. అక్క మాత్రం పేట చివర కాలువ పక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఒకప్పుడు అక్కడంతా బురద మడుగు. నల్లమట్టి తోలి మెరక చేసి ఇళ్ళు కట్టారు. ముందు గదిలో మెషీన్, లోపలి చిన్న గదిలో కుట్టి ఇస్త్రీ చేసిన బట్టలు. ఆ లోపలి గదికి కిటికీ లేదు, పైన గాలికి అరచేతి వెడల్పు కంత ఒకటి ఉంది. వానాకాలం తేమకి బట్టలు బూజు పట్టకుండా ఆ గదిలో పగలూ రాత్రీ ఒక బల్బు వెలుగుతూ ఉంటుంది, తలుపు గట్టిగా మూసి ఉంటుంది. ఆ తలుపు తమ్ముడే చేసి పెట్టాడు. తన చేతి మీదుగా వెళ్ళిన తలుపులన్నిటిలోకీ దాన్నే గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ తలుపుకే వంకర బుద్ధి పుట్టింది. ఊళ్ళో తలుపులన్నీ వానకి బిగుసుకుని ఎండకి వదులైతే, అక్క తలుపు వానకి హాయిగా తెరుచుకుని ఎండకి బిగుసుకోవడం మొదలుపెట్టింది. మొదటిసారి అక్క చెప్పినప్పుడు మేస్త్రి నమ్మలేదు. "నీ చేతుల్లో సత్తువ తగ్గిందక్కా" అన్నాడు. తర్వాత తనే పట్టుకుని లాగాడు. తలుపు కాసేపు మొరాయించి, ఒక్కసారిగా ఊడివచ్చింది. మేస్త్రి వెళ్ళి బట్టల మూట మీద వెల్లకిలా పడ్డాడు. అక్క నవ్వుతూ నవ్వుతూ సూది వేలికి గుచ్చుకుంది.

ఎండాకాలమే కదా, తన సూత్రం ప్రకారం ఇదే సరైన సమయమని ఆ ఏడు ఆయన పై మూల కాస్త చిత్రిక పట్టాడు. అక్కడే పప్పులో కాలేశాడు. వానలు రాగానే ఆ మూల సందు తేలింది, సందులోంచి తేమ దూరింది, ఎవరో పెద్దమనిషి కుట్టించుకున్న తెల్లచొక్కాలన్నిటి మీదా నల్లచుక్కలు లేచాయి. అక్క ఆ చొక్కాలన్నీ కొత్త గుడ్డతో మళ్ళీ కుట్టి ఇచ్చింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది. కోసిన చోట బద్ద అతికించి, ఇక ఆ తలుపు జోలికి వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు తీసి గట్టున పెట్టాల్సి వచ్చింది ఈ ఎండాకాలంలో. ఒకరోజు మధ్యాహ్నం, గాలి ఇంకా తిరగని వేళ, అక్క బట్టలు మార్చుకుందామని ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మళ్ళీ తీయబోతే రాలేదు. పిలిచింది. ఆ ఎండకి వీధిలో పురుగు లేదు. పిలిచే ఓపిక పోయాక, దగ్గరున్న కర్రతో తలుపు మీద కొడుతూ కూర్చుంది. ఎప్పటికో గాలి తిరిగి, పక్కింటావిడ కిటికీ తెరిచాక ఆ చప్పుడు వినిపించింది. ఆవిడ కబురు పంపితే మేస్త్రి పరుగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి అక్క నేల మీద ఉంది. తెలివి ఉంది, మాట లేదు. కళ్ళు మాత్రం తమ్ముడి మొహం మీదే నిలిచిపోయాయి.

కూతురు ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "ఇంక ఒక్కదానివే ఉండొద్దమ్మా. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నా. నాతో వచ్చెయ్." మేనమామతో ఇంకో ముక్క గట్టిగా అంది. "మామయ్యా, చెక్క తలుపు తీసేసి ఇనప తలుపు పెట్టించు అని ఎప్పట్నుంచి చెప్తున్నా. విన్నావా?"

"ఇనప తలుపు ఈ ఉప్పుగాలికి రెండేళ్ళు ఆగదు తల్లీ" అన్నాడు మేస్త్రి. అది నిజమే. కానీ ఆ మాట తన చెవికే సాకులాగా వినిపించింది.

"పోనీ తలుపే లేకుండా ఉంచుకో" అన్నాడు అక్కతో.

"వానలొస్తే జనం బట్టలు ఎక్కడ పెట్టను? నీ నెత్తి మీదా?" అంది అక్క. అయినా ఆమె గొంతులో మునుపటి పదును లేదు. కొత్తగా గుడ్డ తెచ్చినవాళ్ళని వెనక్కి పంపేస్తోంది. మెషీన్ మీద ఒక పాత దుప్పటి కప్పేసింది. మేస్త్రి ఆ దుప్పటిని చూశాడు. ఊరందరికీ తను మేస్త్రి, ఇంట్లో భార్యకి "ఏవండీ". ఈ భూమ్మీద తనని "ఒరేయ్" అని పిలిచే మనిషి ఈమె ఒక్కతే మిగిలింది. ఆమె కూడా వెళ్ళిపోతే తను ఒక్కసారిగా ముసలివాడైపోతాడని ఆయనకి అనిపించింది. భయం వేసింది కూడా.

మర్నాటి నుంచి కొట్టు కట్టేసి ప్రతి సాయంత్రం అక్క ఇంట్లోనే మకాం. బందులు మార్చాడు. మరలు ఊడదీసి కొత్తవి బిగించాడు. తలుపు రెక్క పూర్తిగా ఊడదీసి వాకిట్లో పడుకోబెట్టి కొలిచాడు. అక్కడ మొదలైంది అసలు తిక్క. తలుపు ఉబ్బలేదు. ఈ ఎండకి ఎంత చిక్కాలో అంతా చిక్కింది, గుమ్మంలో చుట్టూ సన్నగా సందు కూడా ఉండాలి. అయినా ఎక్కించి మూస్తే పై మూల కరిచి పట్టుకుంటోంది. బక్కచిక్కిన తలుపు ఎలా ఇరుక్కుంటుంది? ఆ ప్రశ్న ఆయన బుర్రలో పురుగులా తొలిచింది. అన్నం తింటూ పళ్ళెం అంచుని వేలితో కొలుస్తుంటే భార్య గరిటెతో చెయ్యి మీద ఒకటి వేసింది.

ఒకరోజు ఆయన ఆ గుమ్మం ముందే తల పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీ ఊడి వేలాడుతోంది. అక్క అది చూసి, "ఇలా రా, కుట్టి పెడతా" అంటూ లోపలి గదిలోకి వెళ్ళింది. అక్కడ గుమ్మం పక్క గోడలో ఏటవాలుగా ఒక పగులు ఉంది. అందులో మిగిలి ఉన్న సూది తీసుకుని వచ్చింది.

"సూదులు గోడలో దాస్తావా?"

"డబ్బాలో పెడితే తుప్పు పడతాయిరా. అక్కడైతే బల్బు వేడికి బాగుంటాయి. కాకపోతే ఈ గోడ మా చెడ్డది. వానాకాలంలో సూది పెట్టానా, ఇక ఇవ్వదు. లాగితే దారం తెగుద్ది గానీ సూది రాదు. ఎండలు ముదిరాక చూస్తే అన్నీ కింద రాలి ఉంటాయి. తీసుకున్న అప్పు ఆలస్యంగా తీర్చే రకం."

అక్క దారం కొరికి తెంపి, మిగిలిన దారంతోనే సూదిని మళ్ళీ పగుల్లోకి లోతుగా దూర్చింది. మేస్త్రి కదల్లేదు.

"ఏంట్రా, సూది గుచ్చుకుందా?"

"మళ్ళీ చెప్పు. వానకి పట్టుకుంటుందా, ఎండకి వదిలేస్తుందా?"

"అదేగా చెప్తున్నా."

మేస్త్రి లేచి పగుల్లో గోరు పెట్టి చూశాడు. గోరు అనాయాసంగా దూరింది. ఇన్నేళ్ళుగా చెక్క గురించే ఆలోచించాడు. వడ్రంగి కదా, చెక్క తప్ప ఇంకోటి తప్పు చేయగలదని బుర్రకి తట్టలేదు. పరుగున కొట్టుకి వెళ్ళి రసమట్టం, దారం, దారానికి కట్టే ఇనపగుండు పట్టుకొచ్చాడు. గడప మీద రసమట్టం పెడితే బుడగ నడిమికి రాలేదు, గుమ్మం పెరటి వైపుకి కిందికి జారి ఉంది. దారం వేలాడదీస్తే గుమ్మం నిలువు చెక్క పక్కకి ఒరిగి ఉంది. తలుపు ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇల్లే ఒక కాలు కుంగి ఒరిగింది.

"అక్కా, నీ తలుపుకి ఏ రోగం లేదు. నీ గోడ కుంటుతోంది."

"గోడ కుంటడమేంట్రా, నీకు ఎండ దెబ్బ గానీ తగిలిందా?" అని అక్క ఆయన నుదురు తడిమి చూసింది.

పలుగు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఆ మూల నేల నెర్రెలు విచ్చి ఉంది. ఒక నెర్రెలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. నల్లమట్టి కూడా చెక్కలాంటిదేనని ఆయనకి అప్పుడు వెలిగింది. అదీ నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. చెక్క ముడుచుకుంటే తలుపు వదులవుతుంది, మట్టి ముడుచుకుంటే దాని మీదున్న గోడ దిగుతుంది. వాన పడగానే మట్టి ఉబ్బి గోడని మళ్ళీ పైకి ఎత్తుతుంది, పగులు మూసుకుని సూదుల్ని పట్టేస్తుంది. తెలిసిన సంగతే, కాకపోతే ఇన్నాళ్ళూ చెక్కలో తప్ప చూడలేదు. ఆనందం పట్టలేక పలుగు పట్టుకునే అక్క దగ్గరకి వచ్చాడు. ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు.

"మరి ఇంటికి నాలుగు మూలలూ ఉన్నాయిగా" అంది అక్క. "ఈ మూలకే ఎందుకొచ్చింది ఈ కుంటు? ఇంతకు ముందు ఎందుకు లేదు?"

"ఆ పగులు ఎప్పట్నుంచి ఉంది?"

అక్క కాసేపు గుర్తు చేసుకుంది. "నువ్వు పైపు వేసి పెట్టావే, ఆ ఏడే మొదట చూశా. పైపు వేసేటప్పుడు నువ్వే గోడకి సుత్తి తగిలించావేమో అనుకున్నా. మళ్ళీ నొచ్చుకుంటావని చెప్పలేదు."

మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. ఆ మూలే అక్క బట్టలుతికే బండ ఉంది. ఉతికిన నీళ్ళు ఏడాది పొడుగునా అక్కడే ఇంకేవి. బురద, దోమలు, ఒకసారి అక్క కాలు జారి పడింది కూడా. చూడలేక, ఒక పండగ సెలవంతా వంగి, బండ చుట్టూ సిమెంటు గట్టు కట్టి, పైపు పెట్టి, నీళ్ళన్నీ వీధి కాలువలోకి పోయేలా చేశాడు. పెరడు అద్దంలా అయిందని అక్క పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించింది. మిగతా మూలలకి పక్కనున్న కాలువ చెమ్మ అందుతుంది, ఎండాకాలంలో ఆ మూల మట్టికి దక్కే నీళ్ళు మాత్రం అవే. వాటిని తన చేత్తో తనే మళ్ళించేశాడు. అక్క మీద ప్రేమతో చేసిన పని అక్కని గదిలో పెట్టి తలుపు వేసింది. ఆయన గట్టు మీద కూలబడి, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"ఏడుస్తావేంట్రా" అంది అక్క. "కారణం దొరికిందిగా. ఇప్పుడేం చెయ్యాలో అది చెప్పు."

చేయాల్సింది వింటే ఎవరైనా నవ్వుతారు. గోడకి నీళ్ళు పోయాలి. ఒకేసారి కుమ్మరిస్తే మట్టి జారిపోతుంది, నెమ్మదిగా, రోజూ, నెర్రెలు నింపుకుంటూ పోయాలి. మేస్త్రి పైపుని మధ్యలో కోసి, మట్టిలోకి సన్నగా నీళ్ళు దిగేలా చిన్న గుంటలు తీశాడు. చాలనప్పుడు బకెట్టుతో పోశాడు. గాలి తిరిగే వేళకి పక్కింటావిడ కిటికీలో తయారయ్యేది. "ఏం మేస్త్రీ, గోడ ఎప్పుడు పూతకొస్తుంది?" అని అడిగేది. "ఎండాకాలం రండి" అనడం అలవాటైన నోరు కదా, "వానాకాలం రండి" అని కసిరేవాడు.

మనిషి తొందర మట్టికి పట్టదు. వారం గడిచినా తలుపు పై మూల కరుస్తూనే ఉంది. మేస్త్రి రోజూ రసమట్టం పెట్టి బుడగని బతిమాలేవాడు. అది కదిలిందనిపించేది, కళ్ళు నులుముకుంటే కదల్లేదనిపించేది. అక్క అటు బట్టలు కుట్టడం లేదు, ఇటు పెట్టె సర్దడమూ లేదు. ఊరికే కూర్చుని తమ్ముడు నీళ్ళు పోయడం చూసేది. నెల తిరిగేసరికి నెర్రెలు పూడాయి. ఒక సాయంత్రం తలుపు కీచుమని నస పెట్టి, మొత్తానికి ఒంటిచేత్తో లాగితే వచ్చింది. చాలుతుందా, చాలదా అన్నది ఇద్దరికీ తెలియదు. రేపే ఆదివారం.

కూతురు మధ్యాహ్నం బస్సుకి దిగింది, గాలి ఇంకా తిరగలేదు. చేతిలో పెద్ద ఖాళీ సంచి. అమ్మ బట్టల కోసం తెచ్చిందని చెప్పక్కర్లేదు. మంచినీళ్ళు తాగి, మామయ్య చెప్పిందంతా ఓపిగ్గా విని, పెరట్లోకి వెళ్ళి తడి గోడని చూసి వచ్చింది.

"బాగానే ఉంది మామయ్యా. కానీ నేను మాటలు నమ్మి అమ్మని వదిలి వెళ్ళలేను" అంది. లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు లాగి గట్టిగా మూసుకుంది.

లోపల నుంచి చప్పుడు లేదు. ముందుగదిలో గడియారం మాత్రం కొట్టుకుంటోంది. మేస్త్రి చెయ్యి తలుపు మీదకి వెళ్ళింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండరా. దాన్నే తీయనీ."

ఇంకాసేపు గడిచింది. ఏదో గీరిన చప్పుడు వినిపించింది, అదీ ఆగిపోయింది. మేస్త్రి నుదుటి మీది చెమట కంట్లోకి కారింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. కీచుమనలేదు, మొరాయించలేదు. కూతురు ఒక చేత్తో తలుపు పట్టుకుని నిలబడి ఉంది, మరో చేతిలో తెగిన దారం ముక్క.

"బస్సులో నా జాకెట్టు చేతి గుండీ ఊడింది. కుట్టుకుందామని చూస్తే ఆ గోడ పగుల్లోంచి సూది రావట్లేదమ్మా. ఎంత లాగినా రాలేదు, దారం తెగిపోయింది."

మేస్త్రి అక్క వైపు చూశాడు. అక్క ఎవరి వైపూ చూడలేదు. వెళ్ళి మెషీన్ మీది దుప్పటి తీసింది, మడిచి బల్ల మీద పెట్టింది, స్టూలు లాక్కుని కూర్చుంది.

"దాన్ని అక్కడే ఉంచెయ్" అంది. "నీ గుండీ ఇలా తే. నా దగ్గర ఇంకో సూది ఉంది."

కూతురు కదలకుండా నిలబడి తల్లినీ, మెషీన్‌నీ, గుమ్మం పక్క ఖాళీ సంచినీ చూసింది. తర్వాత చెయ్యి చాపి గుండీ తల్లి అరచేతిలో పెట్టింది.

"వానలు పడేదాకా రోజూ ఫోన్ చేస్తా మామయ్యా" అంది. "గోడకి నీళ్ళు పోశావా లేదా అని అడుగుతా. పొయ్యని రోజు అమ్మని తీసుకుపోతా."

మేస్త్రి తల ఊపాడు. అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది, పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"ఒరేయ్" అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే. "బొమ్మలా నిలబడ్డావేంటి? ఇవాళ్టి నీళ్ళు ఎవరు పోస్తారు?"

మేస్త్రి బకెట్టు అందుకుని పెరట్లోకి వెళ్ళాడు.